ఫస్ట్ బ్యాచ్‌లో నంబర్ తక్కువొచ్చిందా? పారబోసే ముందు ఇది చదవండి

చిట్యాల నుంచి మాట్లాడుతున్నా. ఎప్పుడూ చెప్పేదే, హైదరాబాద్-విజయవాడ హైవే మీద బస్సు ఆగే నల్గొండ చిట్యాల కాదు, మాది భూపాలపల్లి జిల్లా చిట్యాల.

ఈరోజు టాపిక్ కొంచెం వెరైటీ. పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకి ఫోన్ మోగింది. డాలస్‌లో ఉండే మా బీటెక్ దోస్త్. వాడికి అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. ఇంత పొద్దున ఫోన్ అంటే ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అని భయపడి ఎత్తా.

"అరేయ్, పొద్దటిసంది కష్టపడ్డ రా. మొత్తం ఖరాబయింది. సింక్‌ల పోసేస్తున్న" అన్నాడు.

ఏందిరా అంటే, ఇంట్లో మొదటిసారి గింజల నుంచి బీరు తయారు చేశాడు. ఆల్-గ్రెయిన్ అంటారు దాన్ని. రెసిపీలో 1.052 రావాలని ఉందట. వీడికి 1.038 వచ్చిందట. యూట్యూబ్‌లో అందరికీ కరెక్ట్‌గా వస్తుంది, నాకే రాలేదు అని బాధ. 20 లీటర్లు పారబోయడానికి గిన్నె చేతిలో పట్టుకుని ఫోన్ చేశాడు.

నేను ఒక్కటే అడిగా: "ఆ 1.038 చూసినప్పుడు అది ఎంత వేడిగా ఉంది?" వాడు సైలెంట్ అయ్యాడు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే. మీరు బీరు ముట్టకపోయినా పర్వాలేదు. లాబ్ రీడింగ్ కానీ, పాల సెంటర్ రీడింగ్ కానీ, బీపీ మెషిన్ కానీ, నంబర్ చూసి బెంబేలెత్తే ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది.

ముందే ఒక మాట

మన తెలంగాణలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు ఉన్నాయి కదా అంటే, అవి లైసెన్స్ తీసుకుని నడుపుతున్నవి. కాబట్టి ఈ వీడియో చూసి ఇక్కడ ఇంట్లో కుక్కర్ పెట్టకండి. 21 ఏళ్లు నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని సైన్స్ క్లాస్ అనుకుని వినండి.

అమెరికాలో సంగతి వేరు. 1978లో అప్పటి ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. అది 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువ ఉంటే 200 గ్యాలన్ల వరకు, అంటే దాదాపు 750 లీటర్లు, సొంతానికి బీరు చేసుకోవచ్చు. అమ్మకూడదు. ఆ తర్వాత కూడా కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో ఆపాయి. చివరికి 2013లో అలబామా, మిసిసిపీ కూడా ఒప్పుకున్నాయి. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉండే మనవాళ్లకి ఇది ఒక వీకెండ్ హాబీ. వాళ్ల కోసమే ఈ టాపిక్.

అసలు వాడు చేసిందేంటి?

బీరు రెండు రకాలుగా మొదలుపెట్టొచ్చు. ఒకటి, దుకాణంలో దొరికే మాల్ట్ సిరప్ కొని నీళ్లలో కలిపి మరిగించడం. ఇది ప్యాకెట్ ఇడ్లీ పిండి లాంటిది. చక్కెర ఎంత ఉంటుందో ముందే ఫిక్స్. రెండోది ఆల్-గ్రెయిన్. పప్పు, బియ్యం నానబోసి మనమే రుబ్బుకున్నట్టు, గింజ నుంచి చక్కెరని మనమే తీయాలి. నంబర్ టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఎందుకంటే ఎంత చక్కెర వస్తుందో చేసే మనిషి మీద, వాడి గిన్నెల మీద ఆధారపడి ఉంటుంది.

బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, కాస్త వేడి చేస్తే మాల్ట్. మన ఇళ్లల్లో పిల్లలకి రాగి మాల్ట్ చేస్తారు కదా, మాట అదే, పని కూడా అదే. రాగులు మొలకెత్తితే గింజలో అమైలేజ్ అనే ఎంజైములు తయారవుతాయి. అవి పిండి పదార్థాన్ని కోసి చక్కెరగా మారుస్తాయి. అందుకే మొలకెత్తిన రాగుల జావ తొందరగా పల్చబడుతుంది, కొంచెం తియ్యగా కూడా ఉంటుంది. ఉట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమిలితే కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది చూడండి, అక్కడ పనిచేసేది కూడా అమైలేజే, మన లాలాజలంలో ఉండేది.

మా దోస్త్ 5 కేజీల పగలగొట్టిన మాల్ట్‌ని 66 డిగ్రీల వేడి నీళ్లలో గంట సేపు నానబెట్టాడు. దీన్ని మాష్ అంటారు. తర్వాత గింజల్ని వడకట్టి, పైనుంచి ఇంకొన్ని వేడి నీళ్లు పోసి మిగిలిన తీపిని కడిగాడు. వచ్చిన తియ్యటి నీళ్లని వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్ అనే చేదు పూలతో గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేయాలి. వాడు చల్లార్చుతూ చల్లార్చుతూ మధ్యలో ఆగి హైడ్రోమీటర్ ముంచాడు. 1.038.

ఆ నంబర్ ఏం చెప్తుంది?

హైడ్రోమీటర్ ఒక గాజు గొట్టం. కింద బరువు, పైన గీతలు. నీళ్లలో చక్కెర కరిగితే నీళ్లు చిక్కబడతాయి, గొట్టం పైకి తేలుతుంది. ఉట్టి నీళ్లలో 1.000 చూపించాలి. 1.052 అంటే అదే సైజు నీళ్ల కన్నా 5.2 శాతం బరువు ఎక్కువ అని. సులువుగా మాట్లాడుకోవడానికి ఆ చివరి అంకెల్ని పాయింట్లు అంటారు, అంటే 52 పాయింట్లు.

ఈస్ట్ వేయకముందు తీసే రీడింగ్ ఓజీ. ఒరిజినల్ గ్రావిటీ అన్నమాట, పవన్ కల్యాణ్ సినిమా కాదు. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. చక్కెర తగ్గుతుంది, ఆల్కహాల్ నీళ్ల కన్నా తేలిక, కాబట్టి గొట్టం కిందికి మునుగుతుంది. పని అయిపోయాక తీసేది ఎఫ్‌జీ, ఫైనల్ గ్రావిటీ. ఓజీలోంచి ఎఫ్‌జీ తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది.

మన దగ్గర ఇదంతా ఎప్పట్నుంచో ఉంది, గొట్టం లేదంతే. పొద్దున చెట్టు మీదనుంచి దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కినకొద్దీ నురుగు, ఘాటు, ఆ తర్వాత పులుపు. ఓజీ నుంచి ఎఫ్‌జీ దాకా జరిగే ప్రయాణమే అది. గౌడన్న నాలుక మీద వేసుకుని చెప్పేస్తాడు. మనకి ఆ అనుభవం లేదు కాబట్టి గొట్టం కావాలి.

మా అమ్మ, పాల సెంటర్

ఇప్పుడు నేను వాడిని వేడి గురించే ఎందుకు అడిగానో చెప్తా.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాకు ఒక బర్రె ఉండేది. పొద్దున్నే అమ్మ పాలు పిండి, నురుగు తగ్గకముందే నాకిచ్చి పాల సెంటర్‌కి పంపేది. ఒకరోజు నాకు జ్వరం, అమ్మే పోయింది. ఆరోజు అక్కడ కొత్త మనిషి ఉన్నాడు. లాక్టోమీటర్ ముంచి, "నీళ్లు కలిసినయ్" అన్నాడు. లైన్లో పది మంది ఉన్నారు. అమ్మ "సుక్క నీళ్లు కలపలే" అంది. ఆయన "గీత చూడు" అన్నాడు. అంతే. పాలు వెనక్కి తెచ్చుకుంది. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత చాలా రోజులు సెంటర్‌కి ఆమె పోలేదు, నేనో బాపో పోయేవాళ్లం.

లాక్టోమీటర్ కూడా హైడ్రోమీటరే. పాల కోసం గీతలు వేరేగా రాస్తారు, 30 అంటే 1.030. ప్రతి లాక్టోమీటర్‌నీ ఒక ఉష్ణోగ్రతకి తయారు చేస్తారు. బర్రె పొదుగులోంచి వచ్చిన పాలు 37, 38 డిగ్రీల్లో ఉంటాయి. వేడి వస్తువు వ్యాకోచిస్తుంది, పల్చబడుతుంది, గొట్టం ఎక్కువ మునుగుతుంది, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. అప్పుడే పిండిన పాలల్లో ఇంకో సంగతి కూడా ఉంది. చల్లారాక కూడా కొన్ని గంటల పాటు వాటి సాంద్రత నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది. దాన్ని రెక్‌నాగెల్ ఎఫెక్ట్ అంటారు. ఈ రెండూ కలిస్తే నీళ్లు చుక్క కలపకపోయినా రెండు గీతలు పడిపోవడం పెద్ద విషయం కాదు.

ఇది నాకు బీటెక్ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ లాబ్‌లో అర్థమైంది. హైడ్రోమీటర్ మీద చిన్న అక్షరాల్లో ఉష్ణోగ్రత రాసి ఉండటం చూశా. ఆ వారం ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. ఆమె చేస్తున్న పని ఆపి విన్నది. విని, "గప్పుడు జెప్పకపోతివి" అంది. ఏడో తరగతి పిల్లాడికి ఏం తెలుస్తుంది? కానీ ఆ గీత చదివిన మనిషికి తెలిసి ఉండాల్సింది.

అందుకే నేను నంబర్ చూసే ముందు, ఆ నంబర్ ఎలా తీశారో అడుగుతా.

14 పాయింట్లు ఎక్కడికి పోయాయి?

సరే, డాలస్‌కి వద్దాం. కావాల్సింది 52, వచ్చింది 38. తేడా 14 పాయింట్లు. ఫోన్‌లోనే ఒక్కొక్కటీ విప్పాం.

మొదటిది వేడి. థర్మామీటర్ పెట్టి చూడమన్నా. 35 డిగ్రీలు ఉంది. వాడి హైడ్రోమీటర్ 20 డిగ్రీలకి తయారు చేసింది. ఉట్టి నీళ్లే తీసుకోండి. 20 డిగ్రీల దగ్గర లీటరు బరువు 998 గ్రాములు. 35 దగ్గర 994. ఆ 4 గ్రాములే ఇక్కడ 4 పాయింట్లు. అంటే వాడి అసలు ఓజీ 1.042. వాడు ఇంకా తొందరపడి 60 డిగ్రీల దగ్గర ముంచి ఉంటే? అక్కడ లీటరు నీళ్ల బరువు 983 గ్రాములే. 15 పాయింట్లు మాయమైనట్టు కనిపించేది. ఆన్‌లైన్‌లో టెంపరేచర్ కరెక్షన్ కాలిక్యులేటర్లు ఉంటాయి కానీ, మరీ వేడిగా ఉన్నప్పుడు వాటిని నమ్ముకోవద్దు. కొంచెం శాంపిల్ గ్లాసులో తీసి, చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి, 20 దగ్గరికి వచ్చాక చూడండి.

రెండోది నీళ్లు. "ఎన్ని లీటర్లు వచ్చింది?" అంటే "20 రా, రెసిపీ అదే కదా" అన్నాడు. రెసిపీ సంగతి వద్దు, బకెట్ మీద గీత చూడమన్నా. 22 ఉంది. సరిగ్గా మరగలేదు, నీళ్లు తక్కువ ఆవిరయ్యాయి. టీ ఎక్కువ నీళ్లు పోసి పెడితే ఏమవుతుంది? చక్కెర అంతే ఉంటుంది, తీపి తగ్గుతుంది. ఇదీ అంతే. 42 పాయింట్లని 22 లీటర్లతో గుణిస్తే 924. ఆ మొత్తం చక్కెర 20 లీటర్లలోనే ఉండి ఉంటే 46 పాయింట్లు చూపించేది. ఇంకో 4 దొరికాయి. అసలైతే వాడు ఓడిపోలేదు, రెండు లీటర్లు ఎక్కువ చేశాడు.

మిగిలింది 6 పాయింట్లు. ఇది మాత్రం నిజమైన తేడా. దీన్ని ఎఫిషియెన్సీ అంటారు. గింజలో ఉన్న చక్కెరలో ఎంత శాతం మన గిన్నెలోకి వచ్చిందీ అని. లెక్క ఈజీ. మామూలు బార్లీ మాల్ట్ ఒక కేజీ, ఒక లీటరు నీళ్లకి సుమారు 300 పాయింట్ల వరకు ఇవ్వగలదు. 5 కేజీలంటే 1500. వాడికి 924 వచ్చాయి. 924ని 1500తో భాగిస్తే 61 నుంచి 62 శాతం. రెసిపీ రాసినవాడు 70 శాతం అనుకుని రాశాడు. 

మొదటిసారి చేసినవాడికి 60 పైన రావడం మామూలే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ 70 రెసిపీ రాసిన మనిషి ఇంటి నంబర్. వాడి గిర్ని, వాడి గిన్నె, వాడి అలవాటు. అది నీ ఇంటికి ఎందుకు వస్తుంది? పక్కింటి అత్తమ్మ చెప్పిన కొలతతోనే పచ్చడి పెట్టినా రుచి తేడా వస్తుంది కదా.

ఆ 6 పాయింట్లకి కారణం?

ఎక్కువసార్లు కారణం గింజ పగలడమే. వడకట్టిన గింజలు ఫొటో తీసి పంపమన్నా. చూస్తే నాలుగైదు గింజల్లో ఒకటి పగలకుండా అలాగే ఉంది. గింజ పగలకపోతే లోపలికి నీళ్లు పోవు, చక్కెర బయటికి రాదు. అలాగని పిండి గిర్నిలో పట్టించినట్టు మెత్తగా చేస్తే, వడకట్టేటప్పుడు ముద్దై కూర్చుంటుంది. పైపొట్టు ఉండాలి, లోపలి పలుకు నాలుగైదు ముక్కలవ్వాలి. ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. దుకాణం వాళ్లు పగలగొట్టి ఇస్తారు. ఈసారి మెషిన్లో రెండుసార్లు వేయించుకో అని చెప్పా.

ఇంకో అనుమానం ఉంటే, పిండి పదార్థం చక్కెరగా మారిందా లేదా అని అయోడిన్‌తో చూడొచ్చు. స్కూల్లో ఆలుగడ్డ మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది గుర్తుందా? మాష్ అయిపోయేటప్పుడు తెల్ల ప్లేట్‌లో ఒక చుక్క వోర్ట్, పక్కన ఒక చుక్క అయోడిన్ కలపాలి. నీలి నలుపు రాకపోతే పని అయిపోయినట్టే. ఆ శాంపిల్ తిరిగి గిన్నెలో పోయొద్దు, పారేయాలి. గింజ పొట్టు ముక్క పడితే నల్లగా కనిపిస్తుంది, కంగారుపడొద్దు.

ఇంతకీ ఈ తేడా వల్ల బీరుకి ఏమైంది? రెసిపీ ప్రకారం 1.052 నుంచి 1.012కి దిగితే 5.25 శాతం ఆల్కహాల్. వాడిది 1.042 నుంచి 1.010కి దిగింది. 4.2 శాతం. ఒక శాతం తేడా, కొంచెం పల్చటి బీరు, అంతే. దాని కోసం ఆరు గంటల కష్టం సింక్‌లో పోయబోయాడు.

ఒక్క బ్యాచ్‌తో తీర్పు ఇవ్వకండి

బీటెక్ చేసినవాళ్లకి స్టూడెంట్స్ టి-టెస్ట్ గుర్తుండే ఉంటుంది. ఎగ్జామ్ ముందురోజు బట్టీ కొట్టి తెల్లారి మర్చిపోయినది. ఆ స్టూడెంట్ ఎవరో తెలుసా? డబ్లిన్‌లో గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి, విలియం సీలీ గాసెట్. 1899లో అక్కడ చేరాడు. బార్లీ, హాప్స్, మాల్ట్ మీద వాళ్లు చేసే ప్రయోగాలు చాలా చిన్నవి. నాలుగైదు శాంపిల్సే ఉండేవి. ఇంత తక్కువ శాంపిల్స్ చూసి ఇది మంచిది, ఇది చెడ్డది అని ఎంతవరకు చెప్పొచ్చు? ఆ ప్రశ్నకి జవాబుగా 1908లో పేపర్ రాశాడు. సొంత పేరు కాకుండా స్టూడెంట్ అని పెట్టుకున్నాడు. మనల్ని ఏడిపించిన ఆ టెస్ట్ బీరు కంపెనీలో పుట్టింది ఫ్రెండ్స్.

గాసెట్ నాలుగు శాంపిల్స్ చూసి జాగ్రత్తగా ఉండాలి అన్నాడు. మా దోస్త్ ఒక్క శాంపిల్ చూసి నాకు బీరు రాదు అన్నాడు.

వాడు పారబోయలేదు. ఈస్ట్ వేశాడు. మూడు వారాల తర్వాత రెండో బ్యాచ్ చేశాడు, అదే రెసిపీ. మార్చింది రెండే: గింజలు రెండుసార్లు పట్టించాడు, నీళ్లు సరిగ్గా 20 లీటర్ల దగ్గర ఆపాడు. 1.049 వచ్చింది, అంటే 65 శాతం. మూడోసారి 1.050. ఇప్పుడు వాడికి తెలిసింది, నా ఇంటి నంబర్ 66 దగ్గర ఉంది అని. 70 కోసం కొట్టుకోవడం మానేసి, రెసిపీలో పావుకేజీ మాల్ట్ ఎక్కువ వేసుకున్నాడు. 5.25 కేజీలు, 66 శాతం, 20 లీటర్లు. లెక్క కట్టండి, 1.052 వస్తుంది.

పావుకేజీ మాల్ట్ అంటే ఒక డాలర్, రెండు డాలర్ల విషయం. పెద్ద బ్రూవరీలు టన్నుల్లో చేస్తాయి కాబట్టి వాళ్లకి ఒక్క శాతం కూడా లక్షల రూపాయలు. ఇంట్లో చేసేవాడికి ఎఫిషియెన్సీ ఎక్కువ రావడం కన్నా ప్రతిసారీ ఒకేలా రావడం ముఖ్యం. 66 అని తెలిస్తే చాలు, మిగతాది లెక్క చూసుకుంటుంది.

నిజంగా భయపడాల్సిన నంబర్ ఒకటుంది

ఇప్పటిదాకా టెన్షన్ వద్దు అన్నా కదా. ఇక్కడ మాత్రం సీరియస్‌గా వినండి.

ఓజీ తక్కువొస్తే ఎవరికీ ఏమీ కాదు. కానీ ఎఫ్‌జీ పూర్తిగా దిగకముందే సీసాల్లో నింపి మూత పెడితే ప్రమాదం. లోపల ఈస్ట్ ఇంకా చక్కెర తింటూనే ఉంటుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది, దానికి బయటికి దారి లేదు. సీసా పగులుతుంది. గాజు ముక్కలు కళ్లలోకి, చేతుల్లోకి వెళ్లొచ్చు. 

బుడగలు ఆగిపోయాయి కాబట్టి అయిపోయింది అనుకోవద్దు. మూత సరిగ్గా బిగవకపోయినా బుడగలు కనిపించవు. ఈరోజు రీడింగ్ తీయండి, రెండు మూడు రోజులాగి మళ్లీ తీయండి. రెండూ ఒకటే ఉండాలి, రెసిపీలో రాసిన ఎఫ్‌జీకి దగ్గర్లో ఉండాలి. 1.012 రావాల్సింది 1.022 దగ్గరే ఆగితే, రెండు రోజులు కదలకపోయినా సీసాల్లో పోయొద్దు. అది అయిపోలేదు, మధ్యలో పడుకుంది. కొంచెం వెచ్చటి చోట పెట్టి ఇంకొన్ని రోజులు ఆగండి.

ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. రిఫ్రాక్టోమీటర్ అని పెన్ను లాంటి పరికరం ఉంటుంది. రెండు చుక్కలు వేసి కంటి దగ్గర పెట్టుకుంటే బ్రిక్స్ చూపిస్తుంది. చెరకు, ద్రాక్ష తీపి చూడటానికి కూడా ఇదే వాడతారు. ఈస్ట్ వేయకముందు బాగా పనిచేస్తుంది. ఒక బ్రిక్స్ అంటే దాదాపు 4 పాయింట్లు, 10.5 చూపిస్తే 1.042 అనుకోవచ్చు. కానీ ఆల్కహాల్ తయారయ్యాక కాంతి వంగే తీరు మారిపోతుంది. అయిపోయిన బీరుని కూడా ఎక్కువగా చూపిస్తుంది. పులిసిన తర్వాత మాత్రం హైడ్రోమీటరే వాడండి.

మర్చిపోకుండా ఉండటానికి

స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లు ఇక్కడ తీసుకోండి.

ఒకటి, కొత్త హైడ్రోమీటర్‌ని ముందు ఉట్టి ఆర్‌వో నీళ్లలో, దాని మీద రాసిన ఉష్ణోగ్రత దగ్గర ముంచండి. 1.000 రావాలి. 1.002 చూపిస్తే పారేయకండి, ప్రతి రీడింగ్‌లో 2 తీసేయండి.

రెండు, శాంపిల్ తీసే ముందు గిన్నె మొత్తం బాగా కలపండి. పైనుంచి నీళ్లు పోసి కలపకుండా తీస్తే పైన పల్చగా, కింద చిక్కగా ఉంటుంది.

మూడు, గొట్టాన్ని వేళ్లతో ఒకసారి తిప్పి వదలండి. గ్యాస్ బుడగలు అంటుకుంటే పైకి లేపుతాయి. కన్ను నీళ్ల మట్టానికి సమంగా పెట్టి చదవండి.

నాలుగు, లీటర్లు కూడా చల్లారాకే చూడండి. మరిగే వోర్ట్ చల్లారితే దాదాపు 4 శాతం తగ్గుతుంది.

ఐదు, కొలిచిన శాంపిల్‌ని మళ్లీ డ్రమ్ములో పోయొద్దు, మొత్తం బ్యాచ్ చెడిపోవచ్చు. రుచి చూడండి. తియ్యగా, చేదుగా, గ్యాస్ లేకుండా ఉంటుంది. దాన్ని చూసి కూడా డిసప్పాయింట్ అవ్వకండి, అది ఇంకా బీరు కాలేదు.

ఆరు, అన్నీ రాయండి. ఫోన్ నోట్స్ చాలు. గింజ ఎన్ని కేజీలు, ఎన్ని లీటర్లు, ఏ ఉష్ణోగ్రత, ఓజీ, ఎఫ్‌జీ. పక్కసారి ఒకటి రెండు మాత్రమే మార్చండి. కోడ్‌లో పది లైన్లు ఒకేసారి మార్చి, బగ్ దేనివల్ల పోయిందో తెలియక తల పట్టుకున్నవాళ్లకి ఈ పాయింట్ వివరించాల్సిన పని లేదు.

మా దోస్త్ మొదటి బ్యాచ్ సంగతి చెప్పి ముగిస్తా. నెల రోజుల తర్వాత వాళ్లింట్లో పది మంది చేరారు, బిర్యానీ చేసుకున్నారు. ఎండకి ఆ పల్చటి బీరే అందరికీ నచ్చిందట. రెండు లీటర్లు ఎక్కువ వచ్చిందని కంప్లైంట్ చేసినవాడు ఎవరూ లేరు. వాడు ఫొటో పెట్టి కింద రాశాడు: "సింక్‌ల పోస్తే పోయేది రా."

ఆ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. బీరు అనగానే మొహం తిప్పుకుంది. వేడి మీద చూసి తప్పు చదివాడమ్మా అని చెప్తే మాత్రం, "సల్లారనియ్యకుండ ఎట్ల చూస్తడు?" అంది. ఇంత సేపు నేను చెప్పింది మొత్తం ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మీ దోస్త్ ఎవరైనా గిన్నె పట్టుకుని సింక్ దగ్గర నిలబడి ఉంటే, ఈ వీడియో లింక్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.